రెండు వేల రూపాయల కారు, రాని లైసెన్సు

డ్యూటీల వల్ల ఈ వారం ఎపిసోడ్ వినలేకపోయాం, రాసి పెట్టమని చాలామంది మెసేజ్ చేశారు. అందుకే మాట్లాడినదాన్నే కాస్త సరిచేసి ఇక్కడ పెడుతున్నా.

ఖోర్ ఫక్కాన్ గ్యారేజీల్లో పనిచేసే మనవాళ్ళు నన్ను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. రోజంతా జపాన్ బండ్లు, కొరియా బండ్లు విప్పి బిగిస్తున్నాం కదా, మనవాడు ఒక్కడైనా సొంతంగా కారు చేశాడా అని. చేశాడు. తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టినవాడే. కాకపోతే ఊరు మాత్రం కోయంబత్తూరు.

కోయంబత్తూరు చుట్టుపక్కల తెలుగు ఇళ్ళు చాలానే ఉన్నాయి. విజయనగర రాజుల కాలంలోనూ, ఆ తర్వాతా దక్షిణానికి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలవి. బయట తమిళం, ఇంట్లో తెలుగు. మనం ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్ళు కాకముందే పిల్లలకి భాష పోతుందేమోనని దిగులు పడతాం. వాళ్ళు కొన్ని వందల ఏళ్ళు నిలబెట్టుకున్నారు. అలాంటి ఒక రైతు ఇంట్లో, కలంగల్ అనే ఊళ్ళో, 1893 మార్చి 23న పుట్టారు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. అందరూ జి.డి. నాయుడు అంటారు. చదువు ప్రాథమిక పాఠశాల దాటలేదు.

కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక ఇంగ్లీషు అధికారి మోటార్ సైకిల్ మీద వాళ్ళ ఊరికి వచ్చాడు. గుర్రం లేదు, ఎద్దు లేదు, బండి దానంతటదే కదులుతోంది. ఇక ఆ కుర్రాడి మనసు నిలవలేదు. కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వరుగా చేరాడు. రూపాయి రూపాయి కూడబెట్టి, మూడొందలు పోసి అదే బండి కొన్నాడు. కొన్నాక చేసిన పనేమిటంటే, దాన్ని ముక్క ముక్కా విప్పి మళ్ళీ బిగించడం. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఇక్కడి కాఫెటీరియాల్లో పనిచేసే మన తమ్ముళ్ళే కళ్ళముందు కదులుతారు. వాళ్ళూ కూడబెడుతున్నారు గానీ, అది ఇంటి స్లాబుకీ చెల్లి పెళ్ళికీ పోతోంది.

1920లో ఒక బస్సు కొని పొల్లాచి, పళని మధ్య తానే నడిపారు నాయుడు. కొన్నేళ్ళలో అది యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద బస్సుల కంపెనీ అయింది. అక్కణ్ణుంచి ఆయన చెయ్యి పెట్టని వస్తువు లేదు. డి. బాలసుందరం నాయుడితో కలిసి 1937లో ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. మన దేశంలో తయారైన తొలి మోటారు అదే అంటారు. బ్యాటరీతో నడిచే గడ్డం గీసుకునే మిషను, కిరోసిన్ ఫ్యాను, పళ్ళరసం తీసే యంత్రం కూడా చేశారు. ఐదు వాల్వుల రేడియోని 70 రూపాయలకే ఇవ్వగలనని 1941లో ప్రకటించారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కారు దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

మధ్యలో ఒక సంగతి చెప్పకుండా కారు దగ్గరికి వెళ్ళలేను. 1945లో ఆయన పూనుకుని, డబ్బిచ్చి, కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్ పెట్టించారు. తానే ప్రిన్సిపాల్. ఇంజనీరింగ్‌కి నాలుగేళ్ళు దండగ, రెండేళ్ళు చాలు, పని చేతికొస్తే అయిపోయినట్టే అన్నారు. తెల్ల ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన కుర్చీ వదిలేసి వెళ్ళిపోయారు. నాకు తెలిసిన ఒకాయన పదిహేనేళ్ళుగా డీజిల్ పంపులు బాగుచేస్తున్నాడు. శబ్దం విని రోగం చెప్పగలడు. వీసా మీద మాత్రం ఇవాళ్టికీ 'హెల్పర్' అనే ఉంది, సర్టిఫికెట్ లేదు గనుక. ఆయనకి నాయుడుగారి రాజీనామా సంగతి చెబితే చాలాసేపు నవ్వాడు.

ఇక కారు. 1952లో ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు ఒకటి బయటికి తెచ్చారు నాయుడు. ధర రెండు వేల రూపాయలు అన్నారు. అప్పటి కార్ల ధర దీనికి ఎన్నో రెట్లు. కారంటే జమీందార్లకీ మిల్లు ఓనర్లకీ డాక్టర్లకీ అన్నమాట. అలాంటి రోజుల్లో స్కూలు మాస్టారు కూడా ఆశపడగలిగే ధర చెప్పారాయన.

కానీ 1951లో పరిశ్రమల చట్టం వచ్చింది. 1952 మే నుంచి అమల్లోకి వచ్చింది. కొత్త ఫ్యాక్టరీ పెట్టాలన్నా, ఉన్న ఫ్యాక్టరీలో కొత్త వస్తువు చెయ్యాలన్నా ఢిల్లీ నుంచి లైసెన్సు కావాలి. అంటే కారు, చట్టం ఒకే ఏడాది రోడ్డెక్కాయి! నాయుడికి లైసెన్సు రాలేదు. కారు నమూనా దగ్గరే ఆగిపోయింది.

ఇక్కడ చాలామంది కథ ముగించేస్తారు, 'ప్రభుత్వం తొక్కేసింది' అని. నేను అంత తేలిగ్గా వదలను. ఒక్క కారుని ఒక మంచి మేస్త్రీ చేతులతో చెయ్యగలడు. పదివేల కార్లు చెయ్యాలంటే అచ్చులు కావాలి, ఉక్కు కావాలి, టైర్లు, కార్బ్యురేటర్లు కావాలి. అప్పట్లో ఉక్కు కూడా ప్రభుత్వ కంట్రోలులోనే ఉండేది. రెండు వేలకి నిజంగా వచ్చేదా? నాకు అనుమానమే. 70 రూపాయల రేడియో లాగే ఇదీ ముందు ధర చెప్పేసి తర్వాత లెక్క చూసుకునే మనిషి మాటలా అనిపిస్తుంది. నాలుగు వేలయ్యేదేమో. అయినా చవకే కదా. ఆ లెక్క తేలాల్సింది బజార్లో, కొనేవాడి దగ్గర. ఫైలు మీద కాదు. నా గొడవ అదొక్కటే.

ఢిల్లీ లెక్క ఢిల్లీకి ఉంది, అదీ చెప్పాలి. విదేశీ డబ్బు కొరత. ఉన్న కాసిని డాలర్లూ డ్యాములకీ ఉక్కు కర్మాగారాలకీ పోవాలి, కారు విలాసం అనుకున్నారు. విడిభాగాలు తెచ్చి బిగించే కంపెనీలు వద్దు, ఇక్కడే తయారుచేసేవాళ్ళే ఉండండి అని 1953లో తేల్చేసరికి జనరల్ మోటార్స్, ఫోర్డ్ మూటాముల్లె సర్దుకున్నాయి. హిందుస్థాన్ మోటార్స్, ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్, ఇలా కొద్దిమందే మిగిలారు. అంబాసిడర్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన పెద్దవాళ్ళు మీ ఇళ్ళలో ఎవరైనా ఉంటే అడగండి.

నాయుడొక్కడే కాదు. మహారాష్ట్రలో ఇచల్‌కరంజికి చెందిన శంకర్‌రావు కులకర్ణి 1949లోనే 'మీరా' అనే బుల్లి కారు నమూనా చేసి, ఇరవై ఏళ్ళకి పైగా దాన్ని మారుస్తూ తిరిగారు. మన మలయాళీ రూమ్మేట్లని ఉడికించాలంటే ఇది చెప్పండి: తిరువనంతపురంలో కె.ఎ.బి. మేనన్ 1966లో 'అరవింద్' చేశారు, ధర ఐదు వేలన్నారు. అదీ ఫ్యాక్టరీ గడప తొక్కలేదు. 1970లో చిన్నకారు చేసుకొమ్మని అనుమతి దొరికిన వాళ్ళలో ప్రధానమంత్రి కొడుకు సంజయ్ గాంధీ ఉన్నాడు. ఆ 'మారుతి' కూడా ప్రజల చేతికి రాలేదు. 1977లో ప్రభుత్వం మారాక కంపెనీ కుప్పకూలింది. అంటే లైసెన్సు లేక కొన్ని కార్లు ఆగిపోతే, లైసెన్సు ఉండి కూడా ఒకటి ఆగిపోయింది. చివరికి ప్రభుత్వమే సుజుకీని పిలుచుకొచ్చి 1983 డిసెంబరు 14న మారుతి 800 తాళాలు ఇచ్చింది. నాయుడి కారుకి, దానికి మధ్య ముప్పై ఒక్క ఏళ్ళు. ఆయన 1974 జనవరి 4నే పోయారు.

2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల ఫ్లైఓవర్ తెరిచి దానికి ఆయన పేరు పెట్టారు. అదే సమయంలో వీధుల పేర్లలోంచి కులం తీసెయ్యమని ఆ ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చింది. మరి 'నాయుడు' సంగతేంటని పెద్ద గొడవైంది. 'నాయుడు' తీసేస్తే జి.డి. అనే రెండక్షరాలు ఎవరివో ఎవరికి తెలుస్తుంది చెప్పండి?

ఆ రోడ్డు మీదే ఆయన కుటుంబం వాళ్ళ కార్ల మ్యూజియం ఉంది, 2015లో తెరిచారు. పాత విదేశీ కార్లు బోలెడు. షార్జా నుంచి కోయంబత్తూరుకి నేరుగా ఫ్లైట్ ఉంది. మన తమిళ దోస్తుల ఇంటికి పెళ్ళికో పండక్కో వెళ్ళేవాళ్ళు ఎయిర్‌పోర్టు దిగి అదే రోడ్డు మీదుగా ఊళ్ళోకి వెళ్తారు. ఒక పూట అక్కడ ఆగండి. ఫొటోలు పంపితే ఇక్కడే పెడతాను.