‘సావిత్రి’ సంపాదకురాలు

మన సాహిత్య చరిత్రల్లో పులుగుర్త లక్ష్మీనరసమాంబకు దక్కేది ఒకటి రెండు వాక్యాలే. కాకినాడ నుంచి 1904లో ‘సావిత్రి’ పత్రిక తెచ్చింది, వితంతు వివాహాలను వ్యతిరేకించింది. ఈ రెండో మాట దగ్గరే మనకు చిక్కు. తొలి సంపాదకురాళ్ళ జాబితాలో ఆమె పేరు రాసుకుంటాం, ఆమె ఏమన్నదో దగ్గరికొచ్చేసరికి గబగబా దాటేస్తాం.

ఆ కాలం ఒకసారి చూడాలి. వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. స్త్రీల కోసం ‘సతీహితబోధిని’ పెట్టింది 1883లో. తర్వాత మల్లాది వెంకటరత్నం ‘తెలుగు జనానా’ వచ్చింది, 1902లో సత్తిరాజు సీతారామయ్య ‘హిందూసుందరి’ వచ్చింది. అన్నీ స్త్రీల కోసం మగవాళ్ళు పెట్టినవే. స్త్రీలు ఏం చదవాలో, ఎట్లా మసలుకోవాలో, చివరికి ఏ ఆచారాన్ని ఎప్పుడు వదులుకోవాలో కూడా వాళ్ళే చెప్పారు. అట్లాంటి చోట ఒక స్త్రీ తానే సంపాదకురాలై సంస్కర్తలతో తలపడింది. ఆడవాళ్ళు చదువుకోవాలన్నది, వితంతువు మళ్ళీ పెళ్ళాడకూడదన్నది. కాకినాడలో విద్యార్థినీ సమాజం పెట్టి స్త్రీలను ఒకచోట చేర్చింది. గృహధర్మం గురించి చెప్పడానికి గడప దాటక తప్పలేదు.

ఈ వైరుధ్యం ఆమె ఒక్కదానిదే కాదు. అమెరికాలో 1970లలో స్త్రీ పురుష సమాన హక్కుల సవరణను అడ్డుకోవడానికి ఊరూరా తిరిగిన ఫిలిస్ ష్లాఫ్లీ, ఆ పోరాటం నడుస్తుండగానే న్యాయశాస్త్రంలో పట్టా తీసుకుంది.

పత్రికకు పెట్టుకున్న పేరు చూడండి. సావిత్రిని పతివ్రతగానే మనకు నేర్పారు. కానీ ఆమె యముడి వెంట నడిచి, మాటకు మాట చెప్పి గెలిచిన మనిషి. సంపాదకురాలికి అంతకన్నా సరిపోయే పేరుందా?

అట్లాగని లక్ష్మీనరసమాంబను మన పూర్వీకురాలిగా ముస్తాబు చెయ్యడం నాకిష్టం లేదు. తల గొరిగించి మూలన కూచోబెట్టిన పిల్లల ఎదుట నిలబడి ఆమె ఆ మాట అన్నది. అదే కాలంలో భండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది, 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. ఇద్దరూ సమాజాలు కట్టారు, ఇద్దరూ అచ్చులోకి వచ్చారు. అయినా అచ్చమాంబ వైపు నిలబడటానికి నాకు సందేహం లేదు.

నన్ను ఆపేది వేరే సంగతి. ఇచ్చోడలో ఉండి ఈ తగాదా చదువుతుంటే, ఇరుపక్షాలూ ‘స్త్రీ’ అన్నప్పుడు ఇక్కడి అంగడికి వచ్చే ఆడవాళ్ళు అందులో కనబడరు. గోండుల్లో మొగుడు పోయిన మనిషికి మళ్ళీ పెళ్ళి ఆచారమే. 1940లలో ఆదిలాబాదు ఊళ్ళు తిరిగిన హైమెన్‌డార్ఫ్ కూడా దీన్ని రాశాడు. తెలంగాణలో ఎన్నో కులాల్లో మారుమనువు కొత్తేమీ కాదు. దీన్ని స్వేచ్ఛ అని మురిసిపోనక్కర్లేదు. వదిన మీద మరిదికి ముందు హక్కుండటం ఆడదాని ఇష్టమా?

ఇంకో విడ్డూరం. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం పెళ్ళికి అనుమతినిస్తూనే, మళ్ళీ పెళ్ళాడినామెకు మొదటి భర్త ఆస్తిలో హక్కు తీసేసింది. మరవర్ కులంలో మారుమనువు ఆచారం ఉంది. అయినా ఆ కులపు స్త్రీ కేసులో మద్రాసు హైకోర్టు 1877లో ఆస్తి పోతుందనే తీర్పు చెప్పింది. నిజాం రాజ్యంలో ఉన్న ఇచ్చోడకు ఆ తీర్పు వర్తించలేదు. కాకినాడ, రాజమండ్రి మాత్రం మద్రాసు కిందే ఉన్నాయి. పెళ్ళి చేయాలా వద్దా అని పై కులాలు వాదించుకుంటున్న ఆ గోదావరి ఊళ్ళలోనే, మారుమనువు చేసుకున్న కూలి మనిషి మొదటి మొగుడి చెక్క భూమి మీద హక్కు నిలుపుకోవాలంటే ఆ తీర్పుకే ఎదురు నిలవాలి.