మొదట కాదన్నవాళ్ళు

కొండల్లో ఉండేవాళ్ళు అమాయకులనీ, పెద్దవాళ్ళు ఏం చెబితే అది చేస్తారనీ బయట ఒక మాట ఉంది. మన పిల్లల్లో కొందరు కూడా అది నిజమే అనుకుంటున్నారు. హిమాలయ కొండల్లోని గఢ్వాల్ యువకుల చరిత్ర వాళ్ళకు చెప్పాలి.

ఆంగ్లేయులు గఢ్వాలీలను ప్రత్యేకంగా సైన్యంలో చేర్చుకునేవారు. ధైర్యవంతులు, ఆజ్ఞ మీరరు అని వాళ్ళకు పేరు. 1930 ఏప్రిల్‌లో ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌ను అరెస్టు చేశారు. 23వ తేదీన పెషావర్‌లోని కిస్సా ఖ్వానీ బజారులో జనం గుమిగూడారు. చేతుల్లో ఆయుధాలు లేని ఆ జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. ఎందరో చనిపోయారు. ఆ రోజుల్లోనే రాయల్ గఢ్వాల్ రైఫిల్స్‌కు చెందిన రెండు ప్లటూన్లు ఆ పనికి ఒప్పుకోలేదు. సైనికులు హిందువులు, ఎదుట ఉన్న జనంలో ఎక్కువమంది ముస్లిం పఠాన్లు. అయినా నిరాయుధుల మీద తుపాకి ఎత్తం అన్నారు. ముందు నిలబడిన చంద్రసింగ్ గఢ్వాలీకి సైనిక కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. ఆయన ఏళ్ళ తరబడి జైల్లో ఉన్నాడు.

ఆజ్ఞ మీరరని పేరున్నవాళ్ళు ఎలా మీరగలిగారు? అమెరికాలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1961లో మొదలుపెట్టిన ప్రయోగాలు ఇందుకు కొంత జవాబు చెబుతాయి. పక్క గదిలోని మనిషి తప్పు చెప్పినప్పుడల్లా కరెంటు షాక్ ఇవ్వాలి. షాక్ ఉత్తుత్తిదే, కానీ ఇచ్చేవాళ్ళకు ఆ సంగతి తెలియదు. అవతలి మనిషి అరుస్తున్నా, అధికారి "కానివ్వండి" అన్నందుకు 40 మందిలో 26 మంది 450 వోల్టుల దాకా వెళ్ళారు. వాళ్ళంతా చదువుకున్న దేశపు మామూలు మనుషులే. మరోసారి పక్కన ఇద్దరిని కూర్చోబెట్టి, మధ్యలో వాళ్ళు "మేం చెయ్యం" అని లేచేలా ఏర్పాటు చేశారు. అప్పుడు 40 మందిలో చివరిదాకా వెళ్ళింది నలుగురే.

అంటే లొంగిపోవడం ఒక జాతి గుణం కాదు. ఎవరికైనా ఒంటరిగా కాదనడం కష్టం. పక్కన ఒకరు కాదంటే మిగతావాళ్ళకూ గొంతు వస్తుంది.

ఇది మన ఊళ్ళకు అవసరమైన పాఠం. షెడ్యూల్డు ప్రాంతాల్లో భూమి తీసుకునే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. కానీ తీర్మానం చదివి వినిపించకుండానే మొదటి వేలిముద్ర పడిందంటే, మిగతావి వరుసగా పడిపోతాయి. అక్కడ "ముందు చదవండి, మన భాషలో చెప్పండి" అని ఒక్కరు లేచి అడిగితే చాలు. పెద్దలను గౌరవించడానికీ, ప్రశ్న అడగడానికీ విరోధం లేదు.

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. తరగతిలో ప్రశ్న వేయగానే చేతులెత్తమనకండి. ముందు ఎవరి జవాబు వాళ్ళను పలక మీద రాయమనండి. తర్వాత, అందరికంటే వేరుగా రాసిన పిల్లను ముందు మాట్లాడనివ్వండి. ఆమె చెప్పింది తప్పే కావచ్చు. అయినా నవ్వకుండా వినడం మిగతా పిల్లలకు అలవాటవ్వాలి. రేపు గ్రామసభలో కూర్చునేది ఈ పిల్లలే.