మూలకణములు: వైద్యుని ఆశ, ధర్మసంశయము

చెట్టు మోడైనను వేరు బ్రతికియున్నచో మరల చిగుర్చును. మన దేహమునందును అట్టి వింత దినదినము జరుగుచునే యున్నది. నెత్తురులోని ఎర్రకణము సుమారు 120 దినములు మాత్రమే జీవించును. రాలిపోయిన వాని స్థానమును నింపుటకు ఎముకల మూలుగలో క్రొత్తకణములు పుట్టుచుండును. తాము తరుగక ఇతర కణములకు జన్మమిచ్చు ఆ తల్లికణములకే మూలకణములని పేరు.

వీని ఉనికిని ప్రయోగముచే నిరూపించినవారు కెనడా దేశమునందలి టొరాంటో నగరపు శాస్త్రజ్ఞులు జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లక్. తీవ్రకిరణములచే మూలుగ నశించిన ఎలుకలకు వారు ఆరోగ్యవంతమైన మూలుగ నెక్కించిరి. కొలది దినములకు వాని ప్లీహములపై చిన్నచిన్న బొడిపెలు పొడసూపెను. ఆ ఫలితములను 1961లో ప్రకటించిరి. ఒక్కొక్క బొడిపె ఒక్కొక్క కణము సంతానమేయని 1963లో తేలినది. రక్తపు కాన్సరునకు మూలుగ మార్పిడి చికిత్సను సాధించిన అమెరికను వైద్యుడు డొనాల్ థామస్ 1990లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. మూలుగ నిచ్చినవాడు తెలిసి యిచ్చుచున్నాడు. ఇచ్చిన పిదప సుఖముగ నున్నాడు. కనుక ఇందు ధర్మసంశయమునకు అంతగా తావు లేకుండెను.

సంశయము 1998లో పుట్టినది. సంతానార్థము ప్రయోగశాలలో ఫలింపజేయగా మిగిలి, దంపతులు అనుమతించి యిచ్చిన కొన్నిదినముల పిండములనుండి, అమెరికాలో జేమ్స్ థామ్సన్ మూలకణములను వేరుచేసెను. అవి దేహమందలి ఏ కణముగనైనను మారగలవు. మధుమేహమునకు, వెన్నుపాము గాయములకు, పార్కిన్సన్ వ్యాధికి వీనివలన మందు దొరకునని వైద్యులు ఆశించిరి. అయితే కణములను తీయుటలో పిండము నశించును. అది జీవమే, దానిని సాధనముగ వాడరాదని కొందరు వాదించిరి. ఎటులైనను పారవేయబడు పిండము ఒక రోగి బాధను తీర్చుట మేలుగాదా యని మరికొందరు ప్రశ్నించిరి. 2001లో అధ్యక్షుడు బుష్, అప్పటికే సిద్ధమైన కణసంతతులపై పరిశోధనలకు మాత్రమే ప్రభుత్వధనము నిచ్చెను. ఆ కట్టడిని 2009లో ఒబామా తొలగించెను.

ఈ నడుమ జపానులో షిన్యా యమనాక యను శాస్త్రజ్ఞుడు మిత్రుని వైద్యశాలలో సూక్ష్మదర్శినినుండి ఒక పిండమును చూచెను. దానికిని తన కుమార్తెలకును భేదమెంత స్వల్పమోయని ఆయనకు తోచినదట. పిండమును చెరుపని మార్గమును వెదకి, 2006లో ఎలుక చర్మకణములలో నాలుగు జన్యువులను ప్రవేశపెట్టి వానిని మూలకణములవంటివానిగ మార్చెను. 2007లో మానవకణములతోను సాధించెను. 2012లో ఆయనకు నోబెల్ గౌరవము లభించినది. ధర్మశంక విజ్ఞానమునకు అడ్డుగోడ కాక, క్రొత్తదారి వెదకుటకు ప్రేరణమైనది.

మన హైదరాబాదునందలి ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో సున్నముచేతనో ఆమ్లముచేతనో కాలిన కంటికి, రోగి రెండవకంటి అంచునుండి తీసిన మూలకణములను పెంచి అతికించు చికిత్స 2001నుండి జరిగినది. ఇందు పిండముతో పనిలేదు.

అయినను వేరొక ధర్మప్రశ్న మన గుమ్మములోనే యున్నది. నిరూపింపబడని చికిత్సలను ఆశగొన్న రోగులకు అమ్మువారు కలరు. అనుమతి పొందిన రక్తసంబంధ చికిత్సలు తప్ప తక్కినవన్నియు ఇంకను పరిశోధనలేయని భారత వైద్య పరిశోధన మండలి 2017నాటి మార్గదర్శకములలో స్పష్టపరచినది. కావున మూలకణములతో నయము చేయుదుమని ఎవరైన పలికినచో, ఇది అంగీకృత చికిత్సయా, పరీక్షయా యని శ్రోతలు మొదట అడుగవలెను. పరీక్షయే యైనచో, రోగినుండి సొమ్మేల గ్రహించుచున్నారని రెండవమారు అడుగవలెను.