మంచుతో కదిలే సముద్ర బోయ్‌లు

ధ్రువ సముద్రాల మీది మంచు పలకలకు అమర్చి, వాటితోపాటే కొట్టుకుపోతూ కింది నీటి ఉష్ణోగ్రత, లవణీయత, ప్రవాహాలను కొలిచే స్వయంచాలిత పరికరాలను మంచు బోయ్‌లు అంటారు. ఉపగ్రహాలు మంచు కిందికి చూడలేవు. చలికాలంలో ఓడలు అక్కడికి చేరడం కష్టం. ఆ లోటును ఈ పరికరాలు కొంతవరకు తీరుస్తాయి.

నేపథ్యం

1881లో సైబీరియాకు ఉత్తరాన మంచు ఒత్తిడికి అమెరికన్ నౌక ‘జనెట్’ నలిగి మునిగింది. మూడేళ్ల తర్వాత దాని శకలాలు గ్రీన్‌లాండ్ నైరుతి తీరంలో దొరకడంతో, మంచు ఆర్కిటిక్ మీదుగా ప్రయాణిస్తోందని నార్వే అన్వేషకుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్ ఊహించాడు. ‘ఫ్రామ్’ నౌకను కావాలనే మంచులో బిగించి 1893–96 మధ్య దాన్ని నిరూపించాడు. పైనున్న చల్లని నీటి కింద అట్లాంటిక్ నుంచి వచ్చిన వెచ్చని పొర ఉందనీ ఆ యాత్రే తేల్చింది. జనెట్ ప్రమాదం నుంచి బయటపడ్డ ఇంజనీరు జార్జ్ మెల్‌విల్ ఆలోచన మేరకు, మంచు కదలికను తెలుసుకోవడానికి ఆ శతాబ్దం చివర్లో అలాస్కాకు ఉత్తరాన మంచు మీద పీపాలు వదిలారు. వాటిలో కొన్ని మాత్రమే మళ్లీ దొరికాయి. 1937లో సోవియట్ యూనియన్ మనుషులుండే తేలియాడే కేంద్రాలకు శ్రీకారం చుట్టింది.

ఉపగ్రహ యుగం

బోయ్ ఎక్కడుందో ఉపగ్రహాలు చెప్పడం మొదలయ్యాక దాన్ని వెతికి పట్టుకోవాల్సిన అవసరం పోయింది. 1979లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు ఆర్కిటిక్ బోయ్‌ల కార్యక్రమం పని మొదలుపెట్టింది. 1991లో అది అంతర్జాతీయ కార్యక్రమమైంది. ఆ తొలి బోయ్‌లు ప్రధానంగా మంచు కదలికను, వాయుపీడనాన్ని, గాలి ఉష్ణోగ్రతను నమోదు చేశాయి.

మంచు కిందికి

లోతుల్లోని నీటిని ఎడతెగకుండా కొలవడంలో 2004 కీలకమైన ఏడాది. అమెరికాలోని వుడ్స్‌హోల్ సముద్ర పరిశోధన సంస్థ ఆ సంవత్సరం కొత్త పరికరాన్ని మంచు మీద నెలకొల్పింది. మంచుకు రంధ్రం చేసి, పైన తేలే బోయ్ నుంచి దాదాపు 800 మీటర్ల తీగను నీటిలోకి వేలాడదీస్తారు. మోటారున్న కొలత యంత్రం ఆ తీగ వెంబడి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. దాని కొలతలు తీగ ద్వారా పైకి చేరి, అక్కడి నుంచి ఇరిడియం ఉపగ్రహాల ద్వారా తీరానికి వెళ్తాయి. ఆర్కిటిక్‌లోని బ్యూఫోర్ట్ సుడి ప్రవాహంలో మంచినీరు పోగుపడుతున్న తీరును తెలుసుకోవడంలో ఈ కొలతలు ముఖ్యపాత్ర వహించాయి. 2019–20 నాటి ఆర్కిటిక్ పరిశోధన యాత్ర ‘మొజాయిక్’లో, మంచుతోపాటు కదిలిన ‘పోలార్‌స్టెర్న్’ నౌక చుట్టూ విస్తృత ప్రాంతంలో రకరకాల బోయ్‌లను అమర్చారు.

పరిమితులు

బోయ్ దారిని నిర్ణయించేది గాలీ, ప్రవాహమే. ఉత్తర ధ్రువం దగ్గర వదిలినవి తరచు గ్రీన్‌లాండ్ తూర్పున ఉన్న ఫ్రామ్ జలసంధి వైపు సాగి, మంచు కరిగే చోటికి చేరతాయి. పలకలు ఒకదానిమీదొకటి ఎక్కినప్పుడు పరికరాలు నలిగిపోవచ్చు. అంటార్కిటికా చుట్టూ మంచులో అధికభాగం ఏటా కరిగిపోతుంది. అందుకే అక్కడ మంచుకు కట్టనవసరం లేని ఆర్గో ఫ్లోట్‌లనూ వాడతారు. పైకి వచ్చేటప్పుడు నీటి ఉష్ణోగ్రతను బట్టి మంచు ఉందని అంచనా వేస్తే, అవి వెనుదిరిగి కొలతలను దాచుకుంటాయి. మంచు లేని నీరు దొరికాక పంపుతాయి.