జాక్, తాల్ కట్టారంటే నమ్మాలా?

కోరుట్ల నుంచో సిరిసిల్ల నుంచో చుట్టాలొస్తే మనం ముందు చూపించేది ఖిల్లానే. వెంటనే కథ మొదలవుతుంది: జాక్, తాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్లు దీన్ని కట్టారు, వాళ్ల పేర్లు కలిస్తేనే జగిత్యాల అయింది. పొలాసవాళ్లు ఒప్పుకోరు. ఊరికి పేరిచ్చింది తమ పాత రాజు జగ్గదేవుడేనంటారు. ఆ తగువు టవర్ దగ్గర చాయ్ తాగినంతసేపు నడుస్తుంది. నా పేచీ వేరు. అది ఖిల్లా కట్టిన సంవత్సరం గురించి.

తెల్లదొరల కాలపు ఇంపీరియల్ గెజిటీర్, జఫరుద్దౌలా కోసం ఫ్రెంచి ఇంజనీర్లు 1747లో ఈ ఖిల్లా కట్టారని ఒక్క వాక్యంలో తేల్చేసింది. జఫరుద్దౌలా అంటే నిర్మల్ నవాబు ఇబ్రహీం బేగ్ ధంసానే. ఆ తర్వాత రాసినవాళ్లు ఆ వాక్యాన్నే ఎత్తిరాశారు తప్ప, పక్కన హైదరాబాద్ చరిత్ర పెట్టుకుని లెక్క చూసినట్టు లేదు. 1747లో మొదటి నిజాం ఇంకా బతికే ఉన్నాడు, పోయింది 1748లో. ఫ్రెంచి పటాలం బుస్సీ వెంట దక్కనులో అడుగుపెట్టి, ఆ నిజాం కొడుకు సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించింది 1751లో. వెళ్లిపోయింది 1758లో. ఒకరిద్దరు ఫ్రెంచివాళ్లు ముందే వచ్చి ఉండొచ్చు కదా అని మిత్రులు అడుగుతారు. రావచ్చు. కానీ ఇంత ఖిల్లా ఒకరిద్దరితో లేచేది కాదు.

ఇంకో సంగతి. ఎలగందులలో ఊపితే ఊగే మినారు మసీదును ఇదే జఫరుద్దౌలా 1754లో కట్టించాడని అదే గెజిటీర్ చెబుతుంది. మన ఖిల్లా కూడా ఆ ఏళ్లకు దగ్గరలోదే అయి ఉండాలని నా వాదన.

ఫ్రెంచి చెయ్యి ఉందన్న మాటను మాత్రం నేను కొట్టిపారెయ్యను. ఎలగందుల ఖిల్లా గుట్ట మీద కూర్చుంది, దానికి గుట్టే సగం బలం. మనది చదును నేల. అందుకే చుట్టూ కందకం తవ్వారు, గోడను నక్షత్రంలా మూలలు మూలలుగా తిప్పారు. ఒక మూల బురుజు మీద నిలబడి పక్క మూలకు చూడండి: ఆ గోడ అడుగుదాకా కనిపిస్తుంది. నిచ్చెన వేసుకుని గోడకు అంటుకున్నవాడు కూడా పక్క బురుజు ఫిరంగికి దొరికిపోతాడు. గుండ్రటి బురుజైతే దాని ముందు కొంత జాగా ఏ ఫిరంగికీ అందదు. యూరప్‌లో ఫిరంగులు బలిసినకొద్దీ ఇటలీలో మొదలై, ఫ్రాన్సులో వోబాన్ చేతిలో ఆరితేరిన పద్ధతి ఇది. ఆ లెక్క తెలిసిన మనిషి లేకుండా ఈ మూలలు కుదరవు. ఆయన పేరు జాకో, తాలో, ఇంకేదో! గెజిటీర్‌లో పేర్లు లేవు. మనవాళ్లే తగిలించి ఉంటారు.

పొలాసవాళ్లకు ఖిల్లాతో పనే లేదు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో కాకతీయ రుద్రదేవుడి 1163 నాటి శాసనం, ఆయన మేడరాజును ఓడించి పొలవాస దేశాన్ని, అంటే పొలాసను, గెలిచినట్టు చెబుతుంది. అనుమకొండను ముట్టడించి వెనుదిరిగిన జగద్దేవుడూ అందులోనే ఉన్నాడు. ఆయన మన జగ్గదేవుడా, పరమార వంశంవాడా, సాంతర వంశంవాడా అని పండితులు కొట్టుకుంటూనే ఉన్నారు. అంత ఘనమైన పేచీ చేతిలో పెట్టుకుని ఫిరంగుల కాలపు గోడల కోసం పోట్లాడటం దేనికి?

బయటివాళ్లకు జగిత్యాలంటే 1978 నాటి రైతుకూలీల జైత్రయాత్ర. జిల్లా చరిత్ర రాసే కరీంనగర్ పెద్దలు ఎలగందులకు పేజీలు ఇచ్చి మనకు ఒక పేరా విదిలిస్తారు. మన ఆఫీసర్లకేమో జెండా పండుగ నాడే ఖిల్లా గుర్తొస్తుంది. 2022లో కొత్త కలెక్టరేట్ తెరిచారు, సంతోషమే. ఖిల్లా కందకంలో పిచ్చిమొక్కలు పీకించడానికి అంత బడ్జెట్ అక్కర్లేదు. ఎప్పుడైనా బోర్డు రాయించేవాళ్లు 1747 బదులు ‘సలాబత్ జంగ్ కాలం’ అని రాయిస్తే సరిపోతుంది. జాక్, తాల్ పేర్లు రాయించారో, మార్చమని మొదటి దరఖాస్తు నాదే.