ఓడరేవుపై మొలచిన అడవి

కాకినాడనుండి యానాము పోవు బాటలో, చొల్లంగి దాటిన పిమ్మట ఎడమవైపున కానవచ్చు మడయడవిని చూడవచ్చిన యాత్రికులు, బురదపై కట్టిన చెక్కలబాటమీద నడచుచు, నేలనుండి పైకి నిక్కి గాలి పీల్చు మడవేళ్ళను, వానినడుమ గెంతులిడు చిన్నచేపలను, ఒక డెక్క మాత్రమే పెద్దదిగా నుండి దానిని పైకెత్తి ఊపు పీతలను చూచి, ఇది మనుష్యుని చేయి సోకని ఆదిమారణ్యమని తలపోయుదురు. ఆ తలంపు సరికాదు. వారి పడవ పోవు పాయలోనే ఒకనాడు తూర్పుతీరమునందెల్ల పేరెన్నికగన్న కోరంగిరేవు వర్ధిల్లెను; ఆ రేవును పూడ్చిన ఒండ్రుమట్టియే ఈ యడవిని పెంచినది.

ఇచ్చటికి యాత్రికులు వచ్చుట నేటి వింత గాదు. గోదావరి సప్తశాఖలలో తుల్యభాగ చొల్లంగియొద్దను, ఆత్రేయ కోరంగియొద్దను సాగరమును చేరునని ప్రతీతి. పుష్యబహుళ అమావాస్యనాడు చొల్లంగిలో స్నానముతో ఆరంభించి, భీష్మ ఏకాదశినాటికి అంతర్వేది చేరు సప్తసాగరయాత్ర తరతరములుగా సాగుచున్నది. అడవిని చూచుటకు టిక్కెట్టు కొనువారికంటె, ముక్కు మూసికొని మూడు మునకలు వేసి పోవువారే నేటికిని ఈ తీరమునకు పాత చుట్టములు.

ఇంజరమున ఇంగ్లీషువారును, యానామున పరాసువారును వస్త్రవ్యాపారము సాగించిన పదునెనిమిదవ శతాబ్దిలో కోరంగికి ప్రాధాన్యము హెచ్చెను. సరకు పుట్టిన చోట్లు ఇంజరము, నీలపల్లి మొదలగు గ్రామములే యైనను, ఓడలకు కావలసినది కోరంగియందుండెను. కలకత్తాకును సింహళములోని తిరుకోణమలకును నడుమ, పెద్ద ఓడను ఒడ్డుకు చేర్చి అడుగుభాగమును బాగుచేసికొనుటకు తగిన తావు వేరొకటి లేదని నాటి నావికుల మాట. అలల తాకిడి లేని మెత్తని బురదనేలయే అందులకు మూలకారణము. 1802లో రోబక్ అను దొర ఇచ్చట ఓడల మరమ్మతునకు రేవుమడుగును కట్టించెను. ఆల్బట్రాస్ అను ఇంగ్లీషు యుద్ధనౌక అందు మరమ్మతు పొందెను. దొరలు పోయిరి, మడుగు పూడెను. పొరుగుననున్న తాళ్ళరేవులో వడ్రంగులు చెక్కపడవలు కట్టు విద్య మాత్రము అంతరింపలేదు.

కోరంగి పేరు వినగానే చదువరులకు స్ఫురించునవి తుపానులే. 1789 డిసెంబరులో మూడు మహాతరంగములు ఒకదానివెంట నొకటి వచ్చి, మొదటిది లంగరువేసిన ఓడలను మెట్టకు విసరివేయగా, తక్కిన రెండును ఊరిని ముంచెనని ప్రాచీనవృత్తాంతము. మృతులు సుమారు 20,000 మంది యందురు. 1839 నవంబరు 25న మరల ఉప్పెన వచ్చెను. అందు 3,00,000 మంది జనులును 20,000 ఓడలును నశించినట్లు గ్రంథములలో తరచుగా కనవచ్చుచున్నది గాని, నాటి కోరంగి సముద్రమున అన్ని ఓడలు ఒక్కసారి నిలిచియుండెననుట నమ్మశక్యము గాదు. మొదటి ఉప్పెన లెక్కయే రెండవదానికి ఎక్కి, ఒక గ్రంథమునుండి వేరొక గ్రంథమునకు పెరుగుచు పోయెనేమో యని నా సంశయము.

నిజమునకు కోరంగిని రూపుమాపినది తుపాను గాదు. తుపాను తరువాత ఊరు మరల లేచినది. ఏటేట గోదావరి తెచ్చిన ఒండ్రు నదీముఖమున మేటవేసి, లోతు తగ్గి, ఓడలు కాకినాడకు మరలెను. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగి ఇంగ్లండునకు ప్రత్తి కరవైనపుడు కాకినాడ దశ తిరిగెను. కోరంగికి మిగిలినది పేరొక్కటే. ఆ పేరును కూడ సముద్రము దాటి రంగూనుకు పోయిన కూలీలు మోసికొనిపోయిరి. అచ్చట తెలుగువారినందరిని కోరంగీలని పిలిచెడివారు. 1930 మే నెలలో రంగూను రేవులో చెలరేగిన కల్లోలమున దెబ్బతిన్నవారు వీరే.

ఓడలు విడిచిన బురదను మడలు ఆక్రమించెను. ఇది పూర్వము లేని అడవి యని నా భావము గాదు. కొత్తగా పడిన మేటలపై విస్తరించిన అడవి యని మాత్రమే. వంటచెరకునకు, ఇండ్లవాసములకు జనులు దీనిని నరికిరి. పాలు కంటబడిన చూపునకు ముప్పు తెచ్చు తిల్లచెట్టును సైతము విడువలేదు. 1978లో ప్రభుత్వము 235 చదరపు కిలోమీటర్లకు పైబడిన ప్రదేశమును అభయారణ్యముగా ప్రకటించెను. బావురుపిల్లియు నీటికుక్కయు ఈ పాయలలో చేపలు పట్టి బ్రదుకుచున్నవి. చెట్టు కొట్టిన చోట నేల క్రుంగి, పోటునీరు చొచ్చి, పాటునకు వెడలలేక నిలిచి, ఎండకు ఉప్పు పేరుకొనును. అట్టి చోట నారు నాటిన బ్రదుకదు. కావున ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధనాసంస్థవారు గ్రామస్థులతో కలిసి చేపముల్లు ఆకృతిలో కాలువలు త్రవ్వించి, నీటికి రాకపోకలు కల్పించి, ఆపైన మడమొక్కలను నాటించిరి. 1996 నవంబరు తుపానులో వేటకు పోయిన భైరవపాలెము బెస్తలు పెక్కురు తిరిగి రాలేదు. కడలిపై నున్నవారిని ఏ అడవియు కాపాడజాలదు గాని, మడలు అడ్డముగా నున్న పల్లెలకు వాని విలువ నాడు తెలిసెను.

ఈ ఒండ్రు, ఇసుకల సృష్టియే కాకినాడకు ఎదుట సుమారు 16 కిలోమీటర్లు చాచుకొనియున్న హోప్ ద్వీపము. దాని చాటున కాకినాడ రేవు నిశ్చింతగా నున్నది. దాని ఇసుకపై జనవరినుండి మార్చివరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గ్రుడ్లు పెట్టుచున్నవి. అటవీశాఖవారు ఆ గ్రుడ్లను ఏరి, కంచెవేసిన చోట పొదిగించి, పిల్లలను కడలిలో విడుతురు. పర్యాటకులకు ఇది చూడదగిన వేడుక. కాని తాబేలు ఊపిరితిత్తులతో శ్వాసించు ప్రాణి. మరపడవ యీడ్చు వలలో చిక్కినచో పైకి రాలేక మునిగి చచ్చును. తాబేలు తప్పించుకొను పరికరమును వలకు అమర్చవలెనని నిబంధన కలదు; చేపలు కొన్ని అందుగుండా జారిపోవునని మత్స్యకారుల అభ్యంతరము. మరపడవల వేటనిషేధమా, ఏప్రిల్ 15న గాని ఆరంభముగాదు. అప్పటికి తల్లితాబేళ్ళు గ్రుడ్లు పెట్టి వెడలిపోవుచుండును.