అవురుపల్లి

అవురుపల్లి తెలంగాణలో రంగారెడ్డి జిల్లా మాడ్గుల మండలంలోని గ్రామం. హైదరాబాదుకు దక్షిణాన సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉంది. తాలూకాల కాలంలో కల్వకుర్తి తాలూకా కింద, 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. గుడి వల్లనో కోట వల్లనో పేరుపడ్డ ఊరు కాదు. ఎర్ర చెలకల మీద, వానను నమ్ముకొని బతికిన పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల్లో ఒకటి. 1975 నుంచి ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఈ ఊరి కుటుంబాల సాగు, కూలి, అప్పు, తిండి లెక్కలను నమోదు చేయడంతో అభివృద్ధి అర్థశాస్త్రంలో అవురుపల్లి పేరు స్థిరపడింది. మెట్ట రైతు కరువును ఎలా ఎదుర్కొంటాడన్న ప్రశ్నకు అర్థశాస్త్రవేత్తలు చెప్పే జవాబులో గణనీయమైన భాగం ఈ ఊరి లెక్కల నుంచే వచ్చింది.

నేల, నీరు, పంటలు

ఊరి భూములు ఎక్కువగా ఎర్రనేలలు. మట్టి లోతు తక్కువ, తేమను ఎక్కువ రోజులు పట్టి ఉంచదు. మహారాష్ట్రలో షోలాపూర్ వైపు నల్లరేగడిలో వానాకాలపు తేమ మీదే యాసంగి పంట పండుతుంది. ఇక్కడి చెలకల్లో ఆ వెసులుబాటు లేదు. వాన పడిన అదనులోనే విత్తనం వేయాలి. ఆపైన రెండు మూడు వారాలు చినుకు లేకపోతే మొలక మాడిపోతుంది. విత్తే వేళలోనే వాన నిలకడగా ఉండకపోవడం ఈ ప్రాంతానికున్న పెద్ద కష్టం.

1970లలో వానాకాలపు ప్రధాన పంటలు జొన్న, సజ్జ, కంది, ఆముదం. జొన్న, సజ్జ, కంది ఒకే చేలో కలిపి వేసేవారు. సజ్జ ముందు కోతకు వస్తుంది, కంది చలికాలం దాకా నిలుస్తుంది. ఒకటి పోయినా మరొకటి చేతికి అందుతుందని రైతు లెక్క. తొలకరి ఆలస్యమైతే జొన్న మానేసి ఆముదం వేసేవారు. ఆలస్యంగా విత్తిన జొన్నను మొవ్వు ఈగ తినేస్తుంది, ఆముదం వానల ఎడం కొంత తట్టుకుంటుంది. వాన ఎప్పుడు పడితే ఏ పంట వేయాలో ఇలా ఏళ్ల తరబడి చూసి నేర్చుకున్నారు. చెరువు కిందా, బావుల కిందా ఉన్న తరి పొలాల్లో వరి పండేది.

వృత్తులు, కూలి

సేద్యం కాక ఊరికి మరో పెద్ద ఆధారం కల్లుగీత. వానలు లేని ఏడాది కూడా తాటిచెట్లు, ఈతచెట్లు కొంత రాబడి ఇస్తాయి కాబట్టి గౌడ కుటుంబాలకు పంటతో ముడిపడని ఆదాయం ఉండేది. పెద్ద రైతుల దగ్గర ఏడాది లెక్కన జీతం కుదిరి పనిచేసే జీతగాళ్ల పద్ధతి అవురుపల్లిలో బలంగా సాగింది. ఏడాదికి ముందే కొంత సొమ్మో ధాన్యమో అందడం జీతగాడికి భరోసా, అదే అతన్ని ఆ ఇంటికి కట్టేసేది కూడా. నాట్లు, కలుపుతీతల భారం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడేది. వారి దినకూలి మగవారి కూలికన్నా తక్కువగా ఉండేది.

ఇక్రిశాట్ అధ్యయనం

వానాధార సేద్యంపై పరిశోధనకు 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఏర్పడింది. రైతు ఇంటి లెక్క తెలియకుండా కొత్త వంగడాలు చేసి లాభం లేదని అక్కడి అర్థశాస్త్రవేత్తలు భావించారు. 1975లో మూడు తీరుల నేలలు, వానలు ఉన్న మూడు జిల్లాల్లో ఆరు ఊళ్లు ఎంచుకున్నారు. మహబూబ్‌నగర్ నుంచి అవురుపల్లి, డోకూరు. మహారాష్ట్రలోని షోలాపూర్ జిల్లా నుంచి శిరాపూర్, కల్మన్. అకోలా జిల్లా నుంచి కంజరా, కిన్‌ఖేడా.

ప్రతి ఊళ్లో 40 కుటుంబాలు తీసుకున్నారు. చిన్న, మధ్య, పెద్ద రైతులు పదేసి కుటుంబాలు, భూమిలేని కూలీలు పది కుటుంబాలు. స్థానిక భాష తెలిసిన, పల్లెలో పుట్టి వ్యవసాయ అర్థశాస్త్రం చదివిన యువకులను పరిశోధకులుగా ఊళ్లోనే ఉంచారు. వారు మూడు నాలుగు వారాలకోసారి ఇంటింటికీ వెళ్లి ఏ చెక్కలో ఏం విత్తారు, ఎన్ని జతల ఎడ్లు కట్టారు, ఎవరి దగ్గర ఎంత తెచ్చారు, ఏం అమ్మారు, ఏం తిన్నారు అని అడిగి రాసుకున్నారు. అవురుపల్లి, శిరాపూర్, కంజరాల్లో ఈ రాత పదేళ్లు సాగింది. ఒకే ఇంటి మంచి ఏడాదినీ చెడ్డ ఏడాదినీ పక్కపక్కన పెట్టి చూడగలగడమే దీని విలువ. అర్థశాస్త్రవేత్తలు థామస్ వాకర్, జేమ్స్ రయన్ 1990లో వెలువరించిన గ్రంథం ఈ ఆరు ఊళ్ల మీద సమగ్ర రచన.

బొమ్మా బొరుసు ప్రయోగం

పేద రైతు భయస్తుడు, అందుకే కొత్తదానికి ముందుకు రాడని అప్పట్లో చాలామంది నమ్మేవారు. ఆ నమ్మకాన్ని పరీక్షించడానికి అర్థశాస్త్రవేత్త హాన్స్ బిన్స్‌వాంగర్ ఈ ఊళ్లలో 240 కుటుంబాలతో నాణెం ఎగరేసే పందేలు ఆడించారు. ఇచ్చింది నిజమైన డబ్బే. రైతు ముందు కొన్ని ఎంపికలు ఉంచేవారు. ఒకటి ఎంచుకుంటే బొమ్మ పడినా బొరుసు పడినా 50 రూపాయలు. మరొకటి ఎంచుకుంటే ఒక వైపు పడితే 30, రెండో వైపు పడితే 150. అన్నిటికన్నా తెగింపు కావలసిన దాంట్లో ఒక వైపు 200, మరో వైపు సున్నా. కూలి రోజుకు కొద్ది రూపాయలే ఉన్న రోజులవి. అర్ధరూపాయి పందెంతో మొదలుపెట్టి కొన్ని వారాల వ్యవధిలో మొత్తం పెంచుతూ ఈ స్థాయికి తెచ్చారు.

1980లో అచ్చయిన ఫలితాలు పాత నమ్మకాన్ని కదిలించాయి. మొత్తం పెరిగేకొద్దీ దాదాపు అందరూ ఒకే తీరుగా, మితమైన జాగ్రత్తతో ఎంచుకున్నారు. ఉన్నవాడికీ లేనివాడికీ ఈ విషయంలో పెద్ద తేడా కనబడలేదు. పేదరైతు ఎరువు మీదా బావి మీదా డబ్బు పెట్టలేకపోవడానికి కారణం పిరికితనం కాదు, అప్పు పుట్టకపోవడం, ఆధారం లేకపోవడం అని బిన్స్‌వాంగర్ తేల్చారు.

కరువులో ఇల్లు, ఊరు

1994లో అర్థశాస్త్రవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ అవురుపల్లి, శిరాపూర్, కంజరాల లెక్కలతో మరో ప్రశ్నకు జవాబు వెతికారు. ఒక ఇంటి పంట పోతే ఆ ఇంటి తిండి ఎంత తగ్గుతుంది? ఇంటి తిండిగింజల ఖర్చు ఆ ఇంటి ఆదాయం కంటే ఊరి సగటుతో పాటే ఎక్కువగా మారుతోందని ఆయన చూపారు. అంటే చేబదుళ్లు, బంధువుల సాయం, ధాన్యం నిల్వలు కలిసి కష్టాన్ని కొంత పంచుతున్నాయి. అయితే ఆ అండ సంపూర్ణం కాదు, మూడు ఊళ్లలో ఒకదానిలో భూమిలేని వారికి అది తక్కువ. ఆయన కొలిచిన పద్ధతిని తర్వాతి పరిశోధకులు ప్రశ్నించారు. ఊరంతటికీ కరువొస్తే పక్కింటి సాయం కూడా ఉండదన్నది మాత్రం వివాదం లేని సంగతి. ఆదాయం దెబ్బతిన్నప్పుడు పిల్లలను బడి మాన్పించి పనిలో పెట్టడమూ ఈ ఊళ్ల లెక్కల్లో బయటపడింది.

తర్వాతి మార్పులు

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక జొన్న, సజ్జల తిండి తగ్గుతూ వచ్చింది. ఇక్రిశాట్ 2001లో మళ్లీ లెక్కలు మొదలుపెట్టేసరికి ఊరి తీరు చాలా మారింది. చేదబావులు, మోటబావులు ఎండి బోర్లు వచ్చాయి. ఎడ్ల జతలు తగ్గి ట్రాక్టర్లు వచ్చాయి. 2002లో బీటీ పత్తికి అనుమతి లభించాక ఆముదం, జొన్న చేలను పత్తి ఆక్రమించింది. హైదరాబాదు పనులు, సేద్యం బయటి సంపాదన ఇంటి ఆదాయంలో పెద్ద భాగమయ్యాయి. 2009 నుంచి గేట్స్ ఫౌండేషన్ సాయంతో ఈ అధ్యయనం తూర్పు భారతానికి, బంగ్లాదేశ్‌కు విస్తరించింది.

ప్రాముఖ్యం

వాన తగ్గితే పరిహారమిచ్చే వర్షపాత బీమాను 2003లో బేసిక్స్ సూక్ష్మరుణ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ బీమా సంస్థ దేశంలో తొలిసారి ప్రయోగించినది మహబూబ్‌నగర్ జిల్లాలోనే, ఆముదం, వేరుశనగ రైతులతోనే. ఇలాంటి బయటి బీమా రాకముందు కలిపి విత్తడం, తొలకరిని బట్టి పంట మార్చడం, చేబదుళ్లు ఇచ్చిపుచ్చుకోవడం రైతు తనకు తానే చేసుకున్న బీమా అని అవురుపల్లి లెక్కలు రుజువు చేశాయి. ఆ సొంత బీమా ఎక్కడ తెగిపోతుందో కూడా అవే చూపాయి. మెట్ట రైతుకు ధైర్యం నూరిపోయవలసిన పని లేదు. కావలసింది నీటి ఆధారం, సకాలంలో అప్పు, ఊరంతా నష్టపోయిన ఏడాది బయటి నుంచి అందే సాయం. పదేళ్ల పాటు తమ ఇంటి గుట్టంతా విప్పి చెప్పిన 40 కుటుంబాల వల్ల ఈ సంగతి అంకెలతో సహా నిలిచింది. మెట్ట ప్రాంతాలకు పథకం రాసే ఎవరైనా మొదట చదవవలసినవి ఆ లెక్కలే.